పొలంలో ఏం విత్తాలో ఎవరు తేలుస్తారు?

(పి.వి. సతీష్ స్మృతిలో చేసిన ఉపన్యాసం)

జహీరాబాద్ వైపు నుంచి సంఘం అక్కలు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు, వెనక వరుసల్లో వ్యవసాయ కళాశాల విద్యార్థులున్నారు. నేను మాట్లాడబోయేది అక్కల పని గురించి. చేసినవాళ్లు ఎదురుగా కూర్చుని వింటుంటే, చేయనివాడు మైకు ముందు నిలబడి చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఎక్కడైనా తప్పు చెబితే అక్కడే ఆపండని వాళ్లకు ముందే మనవి చేసుకున్నాను.

పి.వి. సతీష్ గారు 1945లో మైసూరులో పుట్టారు. ఢిల్లీలో పత్రికారచన చదువుకున్నారు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసరుగా చేశారు. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన 1975 నాటి 'సైట్' ప్రయోగంలో పాలుపంచుకున్నారు. 1983లో కొందరు మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) పెట్టి, అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా నలభై ఏళ్లు పనిచేశారు. 2023 మార్చి 19న కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది ఆ 2023నే. ఆ సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ-20 విందులో దేశాధినేతలకు చిరుధాన్యాల వంటకాలు వడ్డించారు. కొర్ర, సామ అంటే 'గతిలేనివాళ్ల తిండి' అని ముఖం తిప్పుకునే కాలంలో పని మొదలుపెట్టిన మనిషి, ఆ విందు నాటికి లేరు.

స్మారక సభల్లో పోయినవారిని దేవుళ్లను చేసే అలవాటు మనకుంది. నేనా పని చేయను. ఆయన పని గురించి మాట్లాడతాను. ఒకచోట ఆయనతో పేచీ కూడా పెట్టుకుంటాను.

వాతావరణం మారిపోతోంది, దాన్ని తట్టుకునే వ్యవసాయం కావాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. విత్తన కంపెనీలూ అంటున్నాయి, బ్యాంకులూ అంటున్నాయి. బెట్టకు ఆగే వంగడం ఏది, వానను ముందే చెప్పే యాప్ ఏది అని వెతుకులాట సాగుతోంది. అవి వద్దని నేననను. కానీ వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పొలంలో ఈ ఏడు ఏం విత్తాలన్నది ఎవరు తేలుస్తారు? వండి పెట్టే మనిషి తేలిస్తే పొలం ఒక తీరుగా ఉంటుంది, అప్పిచ్చినవాడు తేలిస్తే మరో తీరుగా ఉంటుంది. ఎండకూ వానకూ ఓర్చుకునే శక్తి ఆ తేల్చడంలోనే చాలావరకు నిర్ణయమైపోతుంది. ఇదే నా వాదన. జహీరాబాద్ ఆడవాళ్లు ఆ నిర్ణయాన్ని చేజారనివ్వకుండా ఏమేం కట్టుకున్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. నేల

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూగరిష్ఠ పరిమితి చట్టం 1973లో వచ్చింది. మిగులు భూములూ సర్కారు భూములూ దళిత కుటుంబాలకు ఎకరం, రెండెకరాల చొప్పున పంచారు. పంచిన భూమి ఎలాంటిదో పల్లెలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాళ్లు, గుట్ట వాలు, వాన పడితే మట్టి కొట్టుకుపోయే చెల్క. కాగితం ఇంటికొచ్చింది కానీ నాగలి దిగలేదు. ఆ భూములు ఏళ్ల తరబడి పడావు పడ్డాయి. ఆ పట్టాలున్న ఇళ్ల ఆడవాళ్లు మాత్రం పటేళ్ల పొలాల్లో కూలికి పోయేవాళ్లు.

ఊళ్లలో డీడీఎస్ అండతో ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాక చేపట్టిన పనుల్లో ఇదొకటి. ఎండాకాలం కూలి దొరకని రోజుల్లో తమ భూముల్లోనే రాళ్లేరడం, గట్లు వేయడం, మట్టి తోలడం. అందుకు కూలి ఇప్పించుకోవడం. కరువు పని ఎక్కడో రోడ్డు మీద కాకుండా సొంత పొలంలో జరిగింది. తరువాత ఉపాధి హామీ చట్టం కింద ఇది మామూలు సంగతైంది. ఆ చట్టం వచ్చింది 2005లో. ఈ పని అంతకు చాలా ముందటిది.

భూమి లేనివాళ్లు ఏం చేయాలి? ఒక్క ఆడమనిషి వెళ్లి కౌలుకు అడిగితే పటేలు నవ్వి పంపిస్తాడు. పదిమంది కలిసి వెళ్తే లెక్క వేరు. గుంపుగా కౌలుకు తీసుకున్నారు. ఎస్సీ కార్పొరేషన్ భూమి కొనుగోలు పథకం కింద గుంపుగానే భూములు కొనుక్కున్నారు కూడా. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. మనం గర్వంగా చెప్పుకునే సవరణే. అయితే తండ్రికి ఆస్తి ఉన్న కూతురికే అది పనికొస్తుంది. తండ్రికి ఏమీ లేని కూతురికి సంఘమే పనికొచ్చింది.

2. సాళ్లు

పొలంలోకి దిగుదాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్ర నేలలూ నల్ల నేలలూ పక్కపక్కనే ఉంటాయి. మృగశిర చినుకులు పడగానే ఎర్ర చెల్కలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద. వాటి సాళ్ల మధ్య కంది, పెసర, మినుము, బొబ్బర్లు, అనుములు. ఇంకా నువ్వులు, పుంటికూర, ఆముదం. ఒకే ఎకరంలో 20 రకాలకు పైగా విత్తే ఆడవాళ్లున్నారు. యాసంగిలో నల్ల నేలలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె, ధనియాలు. నేలలో మిగిలిన పదును మీద, రాత్రి కురిసే మంచు మీద బతికే ఈ పంటల్ని వాళ్లు సత్యం పంటలంటారు. బోరు లేదు, కరెంటు బిల్లు లేదు.

విద్యార్థులారా, ఎకరానికి దిగుబడి అని మీరు చదివేది ఒక పంట దిగుబడి. ఆ కొలతతో ఈ పొలాన్ని చూస్తే జొన్న తక్కువే పండినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అదే పొలాన్ని నెలల లెక్కన చూడండి. పెసర 65, 70 రోజుల్లో చేతికొస్తుంది. జొన్నకు మూడున్నర నెలలు పడుతుంది. నాటు కంది సంక్రాంతి దగ్గరికొచ్చేదాకా చేనులోనే ఉంటుంది. జులైలో వాన మొహం చాటేస్తే కొర్ర, సజ్జ ఆకు ముడుచుకుని ఓర్చుకుంటాయి. సెప్టెంబరులో కుంభవృష్టి పడితే పెసర అప్పటికే ఇంట్లో ఉంటుంది. గింజ పట్టే వేళ ముసురు పడితే జొన్న కంకికి బూజు పట్టి నల్లబడవచ్చు, ఆ తడినే దాచుకుని కంది పూతకు వస్తుంది. కంది వేరు లోతుకు పోతుంది, కొర్ర వేరు పైపైన ఉంటుంది. ఒకదాని నీళ్లు ఒకటి లాక్కోవు. పప్పుజాతి పంటలు గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి నేలకిస్తాయి. జొన్న చొప్ప ఎద్దుకు పోతుంది, ఎద్దు పేడ చేనుకు తిరిగొస్తుంది. అన్ని పంటలూ బాగా పండిన ఏడు అరుదు. అన్నీ పోయిన ఏడు ఇంకా అరుదు.

ఇందులో వ్యవసాయ శాస్త్రం కాదనేది ఏదీ లేదు. మిశ్రమ పంటల మేలు గురించి పరిశోధనా కేంద్రాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. మరి చుట్టుపక్కల పత్తి, చెరకు ఎందుకు పెరిగాయి? అందరికీ తెలిసిన మంచి పద్ధతిని అందరూ ఎందుకు పాటించలేదు?

ఇక్కడే నా ప్రశ్న పనికొస్తుంది. ఆ 20 రకాలు ఎందుకని అక్కలను అడిగి చూడండి. శాస్త్రం చెప్పరు, ఇల్లు చెబుతారు. సామ ఎందుకంటే, జొన్న రాకముందే కుండలోకి ఏదో ఒకటి కావాలి. పెసర బాలింతకు. అనుములు పచ్చికాయ కూరకు. చొప్ప ఎద్దుకు. తైద గటకకు. కంది కొంత ఇంటికి, కొంత అంగడికి. వంటింట్లో ఎన్ని అవసరాలున్నాయో పొలంలో అన్ని సాళ్లున్నాయి. పత్తి చేనులో ఏం విత్తాలన్నది జూన్ నెలలో ఒకే ఒక్కసారి తేలుతుంది, అదీ పురుగుమందుల దుకాణంలో, అప్పు పుస్తకం ముందు. ఆ దుకాణదారు చెడ్డవాడని నేననడం లేదు. అతనికి బాలింత సంగతి అక్కర్లేదు, అంతే.

మనం విత్తకపోయినా పండేవాటి సంగతి కూడా చెప్పాలి. ఈ చేలల్లో తమంతట తాము మొలిచే తినే ఆకుకూరలు 80 రకాల దాకా ఉన్నాయని అక్కలు లెక్కగట్టారు. తుమ్మికూర, గునుగు, పొన్నగంటి, దొగ్గలికూర, చెంచలికూర. కలుపుమందు కొట్టే రైతుకు ఇవన్నీ కలుపే. కూలికి పోయిన పొలంలో కలుపు తీస్తూ కొంగులో వేసుకొచ్చిన ఆకే ఆ రాత్రి కూరయ్యే ఇళ్లు ఎన్నో ఉండేవి. కలుపుమందు వచ్చాక కూలీ పోయింది, కూరా పోయింది. ఈ నష్టం ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఎక్కదు.

అయితే ఈ పొలం తేలికైనది అనుకోవద్దు. ఒక్కో పంట ఒక్కో వేళ కోతకొస్తుంది. కోయడం, కొట్టడం, చెరగడం, ఎండబెట్టడం నెలల తరబడి సాగుతాయి. ఆ చాకిరీలో ఎక్కువ భాగం ఆడవాళ్ల నడుము మీదే పడుతుంది. వాతావరణ సభల్లో ఈ పొలాల ఫొటోలు చూపించేవాళ్లు ఆ నడుము సంగతి కూడా చెప్పాలి. ఇందాక పేచీ అన్నాను. అది ఈ చాకిరీ దగ్గరే పుట్టింది. దాని దగ్గరికి వస్తున్నాను.

3. విత్తనం

అక్కలు విత్తనాన్ని ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి బుట్టలో పోసి, మూతిని పేడమట్టితో అలికేస్తారు. ఎవరికైనా కావాలంటే కొలిచి ఇస్తారు. పండాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తారు. డబ్బు మాట రాదు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఈ గింజలే కుండలకెక్కి, ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. ఊళ్లో లేకుండా పోయిన రకమేదైనా పక్క ఊరి బండిలో కనిపిస్తే అక్కడే అడిగి తీసుకుంటారు.

దీన్ని సంస్కృతి అనో సంప్రదాయమనో చూసి ముచ్చటపడి వదిలేస్తారు చాలామంది. వాతావరణం లెక్కలో ఇదెంత పెద్ద సంగతో చూడండి. జూన్‌లో మొదటి వాన చూసి విత్తారు. ఆ తరువాత ఇరవై రోజులు చినుకు లేదు. మొలక ఎండిపోయింది. కొన్న విత్తనం వేసిన రైతు రెండో ప్యాకెట్టు కొనాలి, అంటే రెండో అప్పు చేయాలి. ఆ అప్పు భయంతోనే కొందరు తేమ చాలకపోయినా మొదటి వానకే తొందరపడతారు, కొందరు మళ్లీ విత్తకుండా చేను వదిలేస్తారు. ఇంట్లో బుట్ట ఉన్న మనిషి ఆగగలదు, మళ్లీ విత్తగలదు, కాలం మించిపోతే జొన్న మాని ఉలవ చల్లగలదు. వాన తన తేదీలు మార్చుకుంటున్న కాలంలో రైతుకు అన్నిటికంటే ఎక్కువ కావలసింది మనసు మార్చుకునే వీలు. అది ప్యాకెట్టులో రాదు.

4. గింజల గుమ్మి

1983 జనవరిలో ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఆ ఏడే పస్తాపూర్‌లో డీడీఎస్ మొదలైంది. ఈ రెండూ ఒకే ఏడు రావడం యాదృచ్ఛికమే. తరువాత నలభై ఏళ్లూ వాటి మధ్య ఒక మౌన సంవాదం నడిచింది.

సతీష్ గారి వాదన ఇది. మెట్ట ప్రాంతాల పేదలు తినేది జొన్న. సర్కారు కృష్ణా, గోదావరి ఆయకట్టులో పండిన వరిని కొని వాళ్లకు చౌకగా ఇస్తే, వాళ్లు పండించే జొన్నకు గిరాకీ పోతుంది. గిరాకీ పోతే భూమి పడావు పడుతుంది. పడావు పడితే కూలి పోతుంది. ఆకలి తీర్చడానికి వచ్చిన బియ్యం, ఆ మనుషుల సేద్యాన్ని తినేసింది.

అక్కలు దీనికి జవాబుగా ఒక ఏర్పాటు చేసుకున్నారు. 1990ల నడుమ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో, 30కి పైగా ఊళ్లలో, రెండున్నర వేల ఎకరాలకు మించి పడావు భూమిని సాగులోకి తెచ్చారు. దున్నడానికీ ఎరువుకీ విత్తనానికీ రైతుకు అప్పు. ఆ అప్పు రూపాయల్లో తీర్చనక్కర్లేదు. కొన్నేళ్లపాటు ఏటా ఇన్ని జొన్నలని కొలిచి సంఘానికి ఇవ్వాలి. ఆ జొన్నలు ఊళ్లోనే గుమ్ముల్లో నిల్వ. పని దొరకని, గింజ కరువైన నెలల్లో అవి ఊళ్లోని నిరుపేదలకు చౌకగా అందుతాయి. వచ్చిన డబ్బు మళ్లీ పడావు భూముల మీదికే.

ఎవరు నిరుపేదలు? రేషన్ కార్డుకు సర్కారు ఆదాయం రాయమంటుంది, అందరూ ఒకే అబద్ధం రాస్తారు. ఇక్కడ ఊరంతా కూర్చుని తేల్చుకున్నారు. ఎవరికి భూమి లేదు, ఎవరికి ఎద్దు లేదు, ఎవరింట్లో సంపాదించే మనిషి మంచం పట్టాడు అన్నది ఊరికి తెలియకుండా ఉండదు కదా. బాగా లేనివాళ్లకు ఎక్కువ గింజ, కొంచెం ఉన్నవాళ్లకు తక్కువ. గిడ్డంగి దూరం లేదు, లారీ లేదు, దళారీ లేదు. ఆహార భద్రతను ఊరి పొలంలోనే పండించి ఊరి గుమ్మిలోనే దాచిన ఏర్పాటు ఇది. దేశంలో ఇలాంటిది మళ్లీ ఇంత శ్రద్ధగా ఎక్కడైనా జరిగిందా అంటే నాకు అనుమానమే.

ఇప్పుడు పేచీ. 2 రూపాయల బియ్యం జొన్న సేద్యాన్ని దెబ్బతీసిందన్నది నిజం. కానీ ఆ బియ్యాన్ని ఇంట్లోకి ఆహ్వానించింది ఎవరు? ఆడవాళ్లే. సామలు, కొర్రలు పొట్టు తీయడమంటే తెల్లవారుజామున లేచి రోకలి పట్టుకోవడం. కూలికి పోయే ముందు దంచాలి, వచ్చాక విసరాలి. బియ్యానికి ఆ బాధ లేదు, కడిగి పొయ్యి మీద పెడితే చాలు. రోకలి దించిన చేతులు మళ్లీ ఎత్తడానికి ఎందుకు ఇష్టపడతాయి? పైగా తెల్లన్నం తినడమంటే ఒకప్పుడు దొరల సాటి రావడం. ఆ గౌరవం ఆకాంక్షను మనం తేలిగ్గా తీసిపారేయకూడదు. చిరుధాన్యాల ఉద్యమ సాహిత్యంలో సర్కారు మీద పడిన చూపులో సగమైనా రోకలి మీద పడి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. చిన్న పొట్టుతీసే యంత్రం ఊరికొకటి నలభై ఏళ్ల కిందటే వచ్చి ఉంటే, బియ్యంతో పోటీలో కొర్ర అంత తేలిగ్గా ఓడిపోయేది కాదేమో. వరి మిల్లుల మీద పెట్టిన బుర్రలో వందో వంతు కూడా ఈ దేశపు ఇంజినీర్లు కొర్ర మీద పెట్టలేదు. అది సతీష్ గారి తప్పు కాదు. కానీ లెక్క పూర్తి కావాలంటే ఇదీ రాయాలి.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలో కిలో రూపాయికి చిరుధాన్యాలు ఇవ్వవచ్చని రాశారు. ఆయనలాంటివాళ్ల పోరాటం వల్లే ఆ మాట అందులోకి ఎక్కింది. కర్ణాటకలో రాగి, జొన్న రేషన్ దుకాణం దాకా వచ్చాయి. ఒడిశా 2017లో మిషన్ పెట్టి రాగులు కొంటోంది. మన తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వచ్చాయి. జనం సంతోషించారు. నేనూ కాదనను. జొన్న మాత్రం ఇంకా క్యూలోనే ఉంది.

5. మాట

దీన్ని త్వరగా చెప్పేస్తాను. నిర్ణయం చేతిలో ఉండాలంటే దాన్ని గట్టిగా చెప్పగలగాలి. సతీష్ గారు టీవీ మనిషి. కెమెరా ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లదవుతుందని ఆయనకు తెలుసు. బడి మొహం చూడని దళిత స్త్రీలు కెమెరా నేర్చుకున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ పొలాల్లో ఏం జరిగిందో తిరిగి తిరిగి చిత్రించారు.

2001లో అల్గోల్ గ్రామంలో ప్రజాతీర్పు జరిగింది. చంద్రబాబు నాయుడు గారి 'విజన్ 2020' మీద విచారణ. సేద్యం మీద బతికేవాళ్లను నూటికి డెబ్బై నుంచి నలభైకి దించాలన్నది ఆ పత్రంలోని ఆలోచన. జ్యూరీలో ఎక్కువమంది చిన్న, సన్నకారు ఆడ రైతులు. అధికారులు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చి వాళ్ల ముందు చెప్పుకోవాల్సి వచ్చింది. జ్యూరీ ఆ దారిని తోసిపుచ్చింది. నిజాయితీగా చెప్పాలంటే, ఆ తీర్పు తరువాత కూడా జనం సేద్యం వదులుతూనే ఉన్నారు. తీర్పు అమలు కాలేదు. కానీ తమను తగ్గించాలన్న పథకం గురించి తగ్గిపోబోయేవాళ్లను అడగడం మన రాష్ట్రంలో నాకు తెలిసి అదొక్కసారే.

రేడియో కథ ఓపిక కథ. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ తీర్పు రాసినవారిలో జస్టిస్ సావంత్‌తో పాటు మన జస్టిస్ జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. ఇక్కడ మాచ్‌నూర్‌లో అక్కల కోసం రేడియో స్టూడియో కట్టారు. లైసెన్సు రాలేదు. ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న గానీ సంఘం రేడియో గాల్లోకి వెళ్లలేదు. ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఏ విత్తనం ఉందో, ఏ చేనుకు ఏ పురుగు తగిలిందో ఇరుగుపొరుగు మాటలో, ఇరుగుపొరుగు గొంతుతో చెప్పే రేడియో అది.

6. ఇప్పటి సంగతి

2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతులొచ్చాక పనులు అయిపోయాయనుకుంటాం. జహీరాబాద్‌లో అలా లేదు.

మొదటిది అంగడి. కొర్రలు, సామలు ఇప్పుడు నగరంలో సూపర్ మార్కెట్టు సరుకు. మధుమేహం వచ్చినవాళ్లు కొంటున్నారు. పండించిన ఇంట్లో మాత్రం రేషన్ బియ్యమే ఉడుకుతున్న ఊళ్లున్నాయి. గిరాకీ పెరిగితే రైతుకు మంచిదే. అయితే ఆ గిరాకీ ఒక్క కొర్రకే వస్తే, రేపు కొర్ర కూడా పత్తిలాగే ఏకపంట అవుతుంది. ఏం విత్తాలో మళ్లీ దుకాణమే చెబుతుంది. (మిల్లెట్ బిస్కెట్లు కొనే మిత్రులు అట్ట వెనక మైదా ఎంత ఉందో ఒకసారి చదువుకోండి.)

రెండోది విస్తరణ. కొన్ని ఊళ్లలో జరిగింది రాష్ట్రమంతా జరుగుతుందా అని విద్యార్థులు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ దానికి ఒక జవాబు వెతికింది. 2004 నుంచి మహిళా సంఘాల సమాఖ్యల ద్వారా పురుగుమందులు లేని సేద్యం సాగింది. తరువాత రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం వచ్చింది. వానకు ముందే, వేసవిలోనే రకరకాల విత్తనాలను మట్టీ ఘనజీవామృతం పట్టించి పొడి నేలలో చల్లి, పైన ఆచ్ఛాదన కప్పి, ఏడాది పొడుగునా నేలను పచ్చగా ఉంచే పద్ధతి అక్కడి రైతులు పట్టుకున్నారు. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. లక్షల మంది రైతుల దాకా వెళ్లడం చిన్న సంగతి కాదు. అయినా సర్కారు కార్యక్రమం కాబట్టి నేను ఒకటి చూస్తూ ఉంటాను. సమావేశానికి వచ్చేది ఆడవాళ్లు, జీవామృతం కలిపేది ఆడవాళ్లు. వేసవి విత్తనం చల్లే పొలం పట్టా ఎవరి పేరున ఉంది?

మూడోది ఆ పట్టాయే. 2015-16 వ్యవసాయ గణాంకాల్లో దేశంలోని కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి నూటికి 14 కూడా లేవు. పనిచేసే గ్రామీణ స్త్రీలలో నూటికి డెబ్బైకి పైగా సేద్యంలోనే ఉన్నారు. వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ గారు రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లు ప్రవేశపెట్టారు, అది మురిగిపోయింది. తెలంగాణలో 2018 నుంచి ఎకరానికి ఇంత అని ఇచ్చిన రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది, కౌలుదారుకు లేదు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ రైతుకు గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. అదీ భూమి రికార్డు ఆధారంగానే. గుంపుగా కౌలు చేసే పదిమంది ఆడవాళ్లు ఆ కంప్యూటరులో రైతులు కారు. నీళ్లకరువునో ముసురునో తట్టుకున్న సంఘం, ఒక సాఫ్ట్‌వేరు దగ్గర ఓడిపోయే పరిస్థితి ఉంది. ఇది చాలదన్నట్టు, ఇదే ప్రాంతంలో న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం 12 వేల పైచిలుకు ఎకరాలు తీసుకుంటున్నారు. రాళ్లేరి బాగు చేసుకున్న అసైన్డు భూమికి ప్రభుత్వ లెక్కలో ఎప్పుడూ తక్కువ విలువే.

2026ను ఐక్యరాజ్యసమితి మహిళా రైతు సంవత్సరమంది. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. శాలువాలకు నేను వ్యతిరేకిని కాను, చలికాలంలో పనికొస్తాయి. కానీ వేదిక మీద ఉన్న అధికారుల ముందు రెండే విన్నపాలు పెడుతున్నాను. 2011లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ సాగుదారుల చట్టం చేసింది. యజమాని పట్టాకు భంగం లేకుండా, సాగు చేసేవారికి ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇమ్మంది. తెలంగాణలో అది రద్దు కాలేదు, మూలన పడింది, అంతే. దాన్ని బయటికి తీసి, ఆ కార్డును ఆడవాళ్ల సంఘం పేరు మీద ఇవ్వండి. రెండోది మరీ చిన్నది. బ్యాంకులో పంట రుణం ఫారంలో పంట పేరు రాయడానికి ఒకే ఒక గడి ఉంటుంది. అందులో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, బొబ్బర్లు, అనుములు, పుంటికూర అని రాసేంత చోటుతో కొత్త ఫారం అచ్చు వేయించండి. ఎకరాకు ఎంత రుణం ఇవ్వాలో ఆ తరువాత కూర్చుని లెక్కలు వేసుకుందాం. ఆ లెక్కలకు అక్కలు సిద్ధంగా ఉన్నారు.